వడ్డించేవాడి కంచం

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మరి ఆ వడ్డించేవాడే కడబంతిలో మిగిలిపోతే? ఏ ఊళ్లోనైనా ఒక చిన్న టిఫిన్ హోటలు ముందు గంటసేపు నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది. పొద్దున ఆరింటికే ఊరందరికీ పొగలు కక్కే ఇడ్లీ పెట్టిన మనిషి తాను తినేది పదకొండింటికి. అదీ ఏదైనా మిగిలితే. మిగిలింది నూనెలో తేలిన రెండు పూరీలైతే అవే. చల్లారిన వడలైతే అవే. ఏమీ మిగలకపోతే ఇంకో టీ!

తెనాలిలో అలాంటి హోటలొకటుంది. ఆరు బల్లలు, ఒక పెనం, ఒక బజ్జీల మూకుడు, ఒక గల్లాపెట్టె. నడిపేది భార్యాభర్తలిద్దరు. కుర్రతనంలో ఆయన విజయవాడలో సర్వరుగా పనిచేశాడు. పెళ్లయ్యాక తోపుడు బండి పెట్టాడు. బండి కాస్తా కొట్టయింది. కొట్టు ఇద్దరు పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించింది. ఇరవై రెండేళ్లలో ఆయన పెట్టిన ఇడ్లీలెన్నో లెక్క లేదు. తన ఒంటి లెక్క మాత్రం నలభై తొమ్మిదో ఏట ఒక్కసారే చూసుకోవాల్సి వచ్చింది.

కాలిన సంగతి తెలియలేదు

2023 వేసవిలో ఒక సాయంత్రం. మూకుడులో పునుగులు వేస్తుంటే నూనె చిందింది. కుడికాలి మీద పడింది. ఆయన ఆగలేదు. ఆ వాయి తీశాడు, ఇంకో వాయి వేశాడు. రాత్రి కొట్టు కట్టేసి కాళ్లు కడుక్కుంటుంటే ఆవిడ చూసింది.

''ఏమండీ, కాలి మీద అంత బొబ్బెక్కితే చెప్పరేం?''

''ఏదీ?'' అన్నాడాయన వంగి చూస్తూ.

ఆ మాటే ఆవిడకు భయం పుట్టించింది. సలసల కాగే నూనె పడితే మనిషికి తెలియకపోవడమేంటి? మర్నాడు పొద్దున్న బేరం ముగిశాక బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ముందు రక్తపరీక్ష రాశారు. తర్వాత కళ్లు మూసుకోమని ఒక సన్నటి నైలాను పోగుతో అరికాలిని అక్కడక్కడా తాకించారు. తగిలిన ప్రతిసారీ చెప్పమన్నారు. పదిచోట్ల తాకిస్తే ఆయన చెప్పింది నాలుగుచోట్లే. చక్కెర 340 ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10.8 వచ్చింది. అది 6.5కు చేరితేనే మధుమేహం అంటారు. బీపీ కూడా ఎక్కువే.

''నొప్పి లేదు కదాండీ, తగ్గిపోద్ది లెండి'' అన్నాడాయన.

''నొప్పి తెలియకపోవడమే మీ జబ్బు'' అన్నారు డాక్టరు.

చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే కాళ్లలోని నరాలు మొద్దుబారతాయి. మేకు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. తెలియని పుండు పెరుగుతుంది. రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే అది మానదు. వేలు తీసేయాల్సి రావచ్చు, పాదమే తీసేయాల్సి రావచ్చు. రోజుకు పద్నాలుగు గంటలు నిలబడి బతికే మనిషికి పాదం పోతే ఇక హోటలెక్కడిది?

ఇది ఒక్కరి కథ కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేయించిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది అని, దాని అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లని అది లెక్కగట్టింది. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉంది. ఈ రెండూ ముందుగా చప్పుడు చేయవు. పరీక్ష చేయించుకుంటేనే బయటపడతాయి. 'దుకాణం వదిలి వెళ్లడం కుదరదు' అనే మనుషులకు ఆ పరీక్షే ఆలస్యమవుతుంది.

రోజంతా తిరుగుతూనే ఉంటాగా!

వ్యాయామం చేస్తున్నారా అని డాక్టరు అడిగితే ఆయన నవ్వాడు. ''తెల్లారుజాము మూడున్నర నుంచి నిలబడే ఉంటానండీ, ఇంకా వ్యాయామమెందుకు?'' హోటలు నడిపే ప్రతి ఒక్కరూ అనుకునేది ఇదే. కానీ నిలబడటం వేరు, నడవటం వేరు.

కెనడాలోని ఆంటారియోలో ఏడు వేల మందికి పైగా ఉద్యోగులను పన్నెండేళ్లపాటు గమనించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువగా కూర్చుని చేసే పనుల్లో ఉన్నవారికంటే ఎక్కువగా నిలబడి చేసే పనుల్లో ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపని అందులో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి అక్కడే ఆగుతుంది. దాన్ని పైకి తోయాల్సిన పిక్కల కండరాలకు పని ఉండదు. గుండె మీద భారం పడుతుంది. కాలి సిరలు ఉబ్బి పాముల్లా మెలికలు తిరుగుతాయి. పెనం ముందు నిలబడే దోసె మాస్టర్ల పిక్కలు చూస్తే ఈ మాట అబద్ధం కాదని తెలుస్తుంది.

వ్యాయామమంటే ఊపిరి కాస్త వేగంగా ఆడేలా, ఆపకుండా చేసేది. వారానికి కనీసం 150 నిమిషాలు చేయాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున. ఇడ్లీ పాత్ర నుంచి గల్లాపెట్టె దాకా వేసే పది అడుగులు ఆ లెక్కలోకి రావు.

గ్లాసుల్లో కరిగిన చక్కెర

తినడానికి తీరిక లేని మనిషి ఆకలిని దేంతో ఆపుతాడు? టీతో. పిండి రుబ్బుడు అయ్యాక ఒకటి, మొదటి వాయి దించాక ఒకటి, పాలవాడొస్తే వాడితో కలిసి ఒకటి, పాత స్నేహితుడొస్తే మొహమాటానికి ఒకటి... రోజుకు ఎనిమిదికి తగ్గేవి కావు. ఒక్కో గ్లాసులో రెండు చెంచాల చక్కెర. చెంచాకు అయిదు గ్రాముల చొప్పున చూసినా ఎనభై గ్రాములు! విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మూడు రోజుల చక్కెరను ఆయన ఒక్క రోజులో తాగేస్తున్నాడు. 'నేను స్వీట్లు ముట్టుకోనండీ' అని చెబుతూనే!

ఇక రుచి చూడటం. సాంబారు ఒక గరిటె, పల్లీ చట్నీ ఒక వేలు, అల్లం చట్నీ ఇంకో వేలు. ఉప్పు సరిపోయిందా లేదా అని ప్రతి గిన్నె దగ్గరా నాలుక అడుగుతుంది. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉండాల్సిన ఉప్పు మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఏళ్ల తరబడి ఉప్పుకు అలవాటు పడిన నాలుకకు అది చాలినట్టే అనిపించదు.

అన్నిటికంటే పెద్ద తప్పు 'పారేయలేక తినడం'. హోటలాయనకు మిగిలిపోయిన పూరీ అంటే గోధుమపిండి, నూనె, గ్యాసు. అంటే డబ్బు. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేతులు రావు. నోట్లో వేసుకుంటాడు. పొద్దుట్నుంచి కాగిన నూనెలో ఆఖరున తేలిన వడ చేరేదీ ఆయన కడుపులోకే. నూనెను మళ్లీ మళ్లీ కాచడానికి చట్టం ఒక హద్దు గీసింది. కాగేకొద్దీ నూనెలో చేరే 'పోలార్ కాంపౌండ్లు' 25 శాతం దాటితే ఇక దాన్ని వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అది వచ్చేవారి ఆరోగ్యం కోసమే కాదు. వాళ్లు వారానికోసారి తింటారు. హోటలాయన రోజూ తింటాడు.

ఆవిడ చెప్పనిది

ఆయన కాలి సంగతి బయటపడ్డాక డాక్టరు ఆవిడవైపు తిరిగారు. ''మీరెప్పుడైనా చూపించుకున్నారామ్మా?'' ఆవిడకు ఏం చెప్పాలో తెలియలేదు. కాసేపాగి ఒక్కటొక్కటే చెప్పింది. మూత్రంలో మంట ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. తనే మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటుంది. ఎందుకొస్తుందో కూడా ఆవిడకు తెలుసు. కొట్టులో బాత్రూం లేదు. ఇంటికెళ్లి రావాలంటే బేరం వదలాలి. అందుకని తెల్లారుజాము నుంచి పదకొండింటి దాకా మంచినీళ్లు తాగదు. నిప్పుల ముందు, చెమటలు కారుతూ, ఏడు గంటలపాటు!

నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది. ఆపుకుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కిడ్నీల దాకా వెళ్తే జ్వరం, చలి మొదలవుతాయి. మెస్సులు, కర్రీ పాయింట్లు, టీకొట్లు నడిపే ఆడవాళ్లలో ఈ ఇబ్బంది పడనివారు అరుదు. బయటికి చెప్పుకునేవారు ఇంకా అరుదు.

రక్తం కూడా తక్కువే ఉంది ఆవిడకు. అదీ వింతేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తిండి తింటూనే టీ తాగడం దాన్ని ఇంకా పెంచుతుంది. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని గుణం టీలో ఉంది.

మూడోది దగ్గు. బజ్జీల మూకుడు దగ్గర నిలబడేది ఆవిడే. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు లేచే పొగను 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి' అనే జాబితాలో 2010లోనే చేర్చింది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ. అయ్యో, కొట్టులో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందే! ఉంది. కానీ ఆవిడ వీపు వెనక గోడకు ఉంది. అది లాగే పొగంతా ఆవిడ ముఖం మీదుగా వెళ్లి బయటికి పోతోంది. ఫ్యానును తీసి పొయ్యి వెనక గోడకు, మూకుడుకు కాస్త పైన బిగించారు. మేస్త్రీకి, ఎలక్ట్రీషియనుకు కలిపి మూడు వేలు ఖర్చయింది. పదిహేను రోజుల్లో దగ్గు తగ్గింది.

సాయంత్రం బేరం ఎవరికి లాభం?

మందులు రాయడం డాక్టరు పని. తీరిక ఎక్కడి నుంచి తేవాలన్నది ఇంట్లో తేలాల్సిన సంగతి. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఒకప్పుడు ఆ హోటలు పొద్దుటిపూటే నడిచేది. సోమవారం సెలవు కూడా ఉండేది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. కూర్చుని తినే హోటళ్లకు మళ్లీ అనుమతి దొరికింది జూన్ 8న. ఆ రెండున్నర నెలలు అద్దె ఆగలేదు, పిల్లల ఫీజులు ఆగలేదు. అప్పు చేశారు. అది తీర్చడానికి సాయంత్రం పునుగులు, బజ్జీలు, దోసెలు మొదలుపెట్టారు. సోమవారం సెలవు తీసేశారు. రెండేళ్లలో అప్పు తీరింది. అలవాటు మాత్రం తీరలేదు. రాత్రి పదకొండున్నరకు పడుకుని మూడున్నరకు లేవడం... అంటే నాలుగు గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర తక్కువైతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఆకలి పెరుగుతుంది, బీపీ దిగదు. బిళ్లలు ఒకవైపు లాగితే నిద్రలేమి ఇంకోవైపు లాగుతుంది.

''సాయంత్రం మానేద్దామండీ'' అంది ఆవిడ.

''నెలకు పాతిక వేలొస్తున్నయ్యే, ఎట్టా మానేస్తాం?'' అన్నాడాయన.

పాతిక వేలన్నది గల్లాలో కనిపించే లెక్క. పెద్దమ్మాయి సెలవులకొచ్చినప్పుడు కాగితం తీసి కూర్చుంది. ''నాన్నా, గ్యాసెంత? నూనెంత? సాయంత్రం మనిషికెంత ఇస్తున్నావు?'' అని ఒక్కోటీ అడిగి రాసింది. తీసేయగా మిగిలింది తొమ్మిది వేలు. అందులో ఇద్దరి మందులు, పరీక్షలు, ఆస్పత్రికి వెళ్లినరోజు పోయే బేరం తీసేస్తే నాలుగు వేలు. ఆ నాలుగు వేల కోసం రోజుకు అయిదు గంటలు నిలబడుతున్నారు ఇద్దరూ.

అయినా ఆయన వెంటనే ఒప్పుకోలేదు. సాయంత్రం మూస్తే ఆ బేరం ఎదురుకొట్టుకు పోతుందనీ, ఒకసారి పోయిన మనిషి పొద్దున కూడా రాడనీ భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మూడు నెలలు మూసి చూద్దాం, పొద్దుటి బేరం తగ్గితే మళ్లీ తెరుద్దాం అని. మొదటి నెల కొంత తగ్గింది. రెండో నెల నిలకడగా ఉంది. మూడో నెల నుంచి పదకొండు దాకా టిఫిన్లతోపాటు పెసరట్టు కూడా పెట్టారు. తగ్గింది కాస్తా పూడింది. సాయంత్రం పొయ్యి మళ్లీ వెలగలేదు.

కాగితాల్లో యజమాని లేడు

చిన్న హోటలు నడిపే మనిషిది ఒక చిత్రమైన స్థితి. పనివాళ్ల గురించి చట్టం మాట్లాడుతుంది, యజమాని ఒంటి గురించి ఎవరూ మాట్లాడరు. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం పనిచేసేవారికి వారానికో రోజు సెలవు ఇవ్వాలంది. యజమాని సెలవు తీసుకోకపోతే అడిగేవారు లేరు. పదిమంది, అంతకు మించి పనివాళ్లుంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే కొట్టుకు అది తప్పనిసరి కాదు. వచ్చినా పనివాళ్లకే తప్ప యజమానికి కాదు.

ఆహారం ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి వైద్యపరీక్ష చేయించాలని, టైఫాయిడ్ లాంటి జబ్బులకు టీకా వేయించాలని ఆహార భద్రత నిబంధనలు 2011 నుంచీ చెబుతున్నాయి. మంచిదే. కానీ అది తినేవారికి జబ్బు అంటకుండా చూసే పరీక్ష. వండేవారి చక్కెర, బీపీ అందులో తేలాలని లేదు. ఎలాగూ ఆ పరీక్షకు వెళ్తున్నప్పుడే ఈ రెండూ చేయించుకుంటే ఇంకో రోజు కొట్టు కట్టేయాల్సిన పని ఉండదు.

బీమా విషయంలో తొందరపడటమే మంచిది. ఒంట్లో జబ్బు ఉన్నాక పాలసీ తీసుకుంటే దానికి సంబంధించిన ఖర్చు ఇవ్వడానికి కంపెనీలు కొన్నాళ్లు ఆగమంటాయి. నాలుగేళ్ల దాకా ఉన్న ఆ గడువును 2024లో మూడేళ్లకు కుదించారు. మూడేళ్లంటే తక్కువేం కాదు. ఒళ్లు బాగున్నప్పుడే తీసుకుంటే ఆ బెడద ఉండదు. తెల్లకార్డు ఉన్నవారు తమ రాష్ట్రంలోని ప్రభుత్వ వైద్యసేవ పథకంలో పేరుందో లేదో ముందే చూసుకోవాలి. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి వెతుక్కుంటే దొరకదు.

హోటలు నడిపేవారికి...

* మొదటి వాయి దించగానే ఇంటివాళ్ల వాటా పక్కన పెట్టేయాలి. ఎనిమిది లోపు తినాలి. ఇడ్లీలైతే రెండు చాలు, సాంబారులో కూరముక్కలు ఎక్కువుండాలి. పెసరట్టయితే ఇంకా మేలు, పెసల్లో మాంసకృత్తులు ఎక్కువ.

* మిగిలింది తినడానికి కాదు. రోజూ మిగులుతోందంటే రేపు పిండి తగ్గించి కలపాలని అర్థం.

* టీ మూడు గ్లాసులకు దిగాలి, చక్కెర లేకుండా. భోజనానికీ టీకీ గంట ఎడం ఉండాలి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. వాటిలోని కెఫీన్ సగానికి తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. ఎనిమిదింటికే పడుకోవాల్సినవారి నిద్ర చెడుతుంది.

* గల్లా దగ్గర, కూరగాయలు తరిగేచోట ఎత్తయిన స్టూలు వేసుకోవాలి. పెనం ముందు నిలబడ్డప్పుడు గంటకోసారి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేచి దిగితే పిక్కల్లో రక్తం కదులుతుంది.

* వంటచోట చెప్పులు వేసుకోకూడదన్న పట్టింపు చాలామందికి ఉంది. వీధి చెప్పులు వద్దు, నిజమే. వంటగదికంటూ విడిగా, ముందు మూసి ఉన్న రబ్బరు బూట్లు ఒక జత ఉంచుకోవచ్చు. చక్కెర ఉన్నవారు రాత్రి పడుకునేముందు రెండు పాదాలనూ, వేళ్ల సందులనూ చూసుకోవాలి. అరికాలు కనపడకపోతే కింద అద్దం పెట్టుకోవాలి.

* బాత్రూం లేని కొట్టు అద్దెకు తీసుకోవద్దు. తప్పకపోతే పక్కింటివారితోనో, పక్క దుకాణంతోనో ముందే మాట్లాడుకోవాలి. ఆ ఏర్పాటు జరిగేదాకా నీళ్లు మానడం మాత్రం పరిష్కారం కాదు.

* వారానికో సెలవు. దాన్ని బోర్డు మీద రాసి పెట్టాలి. రాయకపోతే అది సెలవు కాదు, ఏదో ఒక బేరం వచ్చి తినేస్తుంది.

తెనాలి హోటలాయనకు ఇప్పుడు చక్కెర అదుపులో ఉంది. హెచ్‌బీఏ1సీ ఏడుకు అటూఇటూ తిరుగుతోంది. కాలి పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు, రాదని డాక్టరు ముందే చెప్పారు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే ఆయన చేతిలో ఉంది. సాయంత్రం అయిదింటికి ఇద్దరూ కాలవగట్టు మీద అరగంట నడుస్తారు. ఎనిమిదింటికి దీపం తీసేస్తారు. సోమవారం కొట్టు తెరవరు. ఆవిడ పక్క బట్టల దుకాణంవాళ్లను అడిగి వాళ్ల బాత్రూం తాళంచెవి ఒకటి తీసుకుంది. నెలకు రెండు వందలు ఇస్తానంటే వాళ్లు డబ్బు వద్దన్నారు. రోజూ పొద్దున వాళ్లకు రెండు ప్లేట్ల ఇడ్లీ పంపిస్తోంది.

మొదట్లో సోమవారం వచ్చి తిరిగి వెళ్లినవాళ్లు మర్నాడు 'నిన్న ఎందుకు తీయలేదు బాబాయ్' అని విసుక్కునేవారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఆదివారమే రెండు పార్సిళ్లు ఎక్కువ కట్టించుకుని వెళ్తున్నారు. మీ వీధి చివర హోటలుకు కూడా 'ఈరోజు సెలవు' అని బోర్డు వేలాడుతుంటే విసుక్కోకండి. ఒక్కపూట ఇంట్లో ఉప్మా చేసుకుంటే సరి.